పులివెందుల మలుపులో నాలుగు సందులు

జమ్మలమడుగులో పాత సామాన్లు అమ్మే అంగడికి కుట్టుమిషను పెడలు కోసం పోయి, రైలు కొనుక్కొని వచ్చాను.

ఆటరైలే. కానీ తాడు కట్టి లాగే రకం కాదు. అరచేతిలో పట్టే ఇంజను, మూడు నీలం పెట్టెలు, ఒక గోతం నిండా పట్టా ముక్కలు, వాటికి కరెంటు ఇచ్చే ఇనుప డబ్బా. అన్నీ పాత ఫ్యాను రెక్కల కింద దుమ్ము పట్టి పడి ఉన్నాయి. ఒక ముక్కను ఎత్తి వెలుతురుకు పెట్టి చూశాను. అగ్గిపుల్లలంత నల్లటి అడ్డపట్టీల మీద రెండు సన్నని కడ్డీలు, అసలు రైలుకట్టను ఎవరో నీళ్లలో ఉతికి కుదించినట్టు! 

"అది పనిచేయదు మా," అన్నాడు అంగడాయన. "ఎవరో ఇంజనీరంట, ఇల్లు ఖాళీ చేస్తా ఈడ పడేసి పోయినాడు. నేను గూడా తిప్పి తిప్పి చూసినా. కదల్దు. నువ్వు అడగనొచ్చిన పెడలు తీస్కో, పో."

"ఎందుకు కదలదో తెలుసుకుంటా."

"తెలుసుకొని ఏం జేస్తావ్?"

అడిగినంత డబ్బు ఆయన చేతిలో పెట్టాను. గోతం చంకన పెట్టుకొని ప్రొద్దుటూరు బస్సెక్కాను. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, పెడలు అక్కడే మరిచిపోయానని.

నేను బడిలో చదివింది పదో తరగతి వరకే. మిగతాదంతా గ్రంథాలయాల్లో నేర్చుకున్నాను. ఈ మాట గర్వంగానే చెబుతున్నాను. మా పుట్టిల్లు పులివెందుల. బడి మానేసిన ఏడాది అక్కడి గ్రంథాలయాధికారి నాకు కిటికీ పక్కన మూల బల్ల చూపించి, "ఈడ కూచోని ఏదైనా చదువుకో పాపా, పరీక్ష పెట్టేవాళ్లు ఎవరూ లేరు" అన్నాడు. అప్పటి నుంచి నేను చదువుతూనే ఉన్నాను. నక్షత్రాలు, నత్తలు, నదులు, విద్యుత్తు. పెళ్లయి ప్రొద్దుటూరుకు వచ్చాక ఇక్కడి గ్రంథాలయంలో కార్డు తీసుకున్నాను. ముందు గదిలో నేను జాకెట్లు కుడతాను. నా వెనకే మా ఆయన బల్ల. ఆయన బంగారు పని చేస్తాడు. గొలుసులు, కమ్మలు, ముక్కుపుడకలు. ఆయన పుస్తకం పట్టడు, నేను ఊదుగొట్టం పట్టను. ఎవరి విద్య గొప్పదనే తగువు మా ఇంట్లో టిఫినుతో పాటు రోజూ వడ్డించుకునేదే.

"ఏంది మే ఇది?" అన్నాడు గోతం చూసి.

"రైలు."

"మిషను పెడలు తెస్తానని పోయి రైలు తెస్తివా? పోనీలే, విమానం తేలేదు."

నా కటింగ్ బల్లకు రెండు పెద్ద చెక్క పలకలు ఉన్నాయి. వాటి మీద పట్టాలు పరిచాను. బట్ట మీద గీతలు గీసే సుద్దముక్కతో స్టేషన్ల పేర్లు రాశాను. ఈ చివర జమ్మలమడుగు, నడుమ ప్రొద్దుటూరు, ఆ చివర పులివెందుల. మొదటి రెండూళ్లకూ నిజంగా రైలుంది. పులివెందులకు లేదు. అందుకే నా రైలు తప్పకుండా పులివెందులకు పోవాలని అనుకున్నాను. గోతంలో వంపు ముక్కలు కలిపి ఉన్న పెద్ద మలుపు ఒకటుంది. దారి అక్కడ చీలి, గుండ్రంగా తిరిగి, మళ్లీ తనలోనే కలుస్తుంది. జాకెట్టు హుక్కుకు దారంతో వేసే కాజా ఎలా ఉంటుందో అలా. రైలు ముందుకు పోతూనే వెనక్కి తిరిగి వస్తుందన్నమాట. ఆ మలుపును పులివెందుల పలక మీద పెట్టాను.

డబ్బా ప్లగ్గు పెట్టగానే దాని మీద ఎర్ర దీపం వెలిగింది. మీట తిప్పాను. ఇంజను ఒక జానెడు కదిలి ఆగింది. వేలితో తోస్తే ఇంకో జానెడు. నేను కేక పెట్టాను. కదలదన్నది కదిలింది కదా!

విద్యుత్తు మీద నేను మొదట చదివిన పుస్తకంలో కొన్ని పేజీలు చిరిగిపోయి ఉండేవి, కానీ ముఖ్యమైన మాట మిగిలింది: కరెంటు పోయే దారి ఎంత ముఖ్యమో, తిరిగి వచ్చే దారీ అంతే ముఖ్యం. ఈ రైలులో ఒక కడ్డీ మీదుగా కరెంటు పోతుంది. ఇంజను చక్రం ఎక్కి, మోటారు గుండా దాటి, రెండో కడ్డీ మీదుగా ఇంటికి వస్తుంది. మధ్యలో ఎక్కడ తెగినా బండి ఆగాల్సిందే. మోటారుసైకిలు ఇండికేటరు బల్బుకు రెండు తీగలు కట్టి, ఒకటి ఈ కడ్డీకీ ఒకటి ఆ కడ్డీకీ ఆనిస్తూ పోయాను. జమ్మలమడుగులో బల్బు ధగధగా వెలిగింది. ప్రొద్దుటూరుకు వచ్చేసరికి పసుపు రంగుకు దిగింది. తర్వాత ఎర్రగా, నిప్పురవ్వలా. పులివెందుల దాకా పోలేదు.

కారణం కంటికి కనిపిస్తూనే ఉంది. కడ్డీలు మసిబారి నల్లగా ఉన్నాయి. ముక్కకూ ముక్కకూ మధ్య ఉండే చిన్న రేకు తొడుగులు వదులైపోయాయి. ప్రతి అతుకు దగ్గరా కొంత కరెంటు నష్టం. పెన్సిలు రబ్బరుతో కడ్డీలన్నీ రుద్దాను. రుద్దినచోటల్లా వెండి మెరుపు! ఆ సంబరంలో ఒక తెలివితక్కువ పని చేశాను. పొద్దున లేస్తూనే మిషనుకు నూనె వేసే అలవాటు నాది. మెరిసే పట్టాలను చూసి చేయి ఊరుకోలేదు. కడ్డీల పొడవునా మిషను నూనె చుక్కలు వేసి గుడ్డతో పూశాను. ఇంజను చక్రాలు గిర్రున తిరిగాయి, బండి మాత్రం ఉన్నచోటే ఉంది. బల్బు కూడా మసకేసింది.

"తలంటి పోసినట్టుండావే రైలుకు," అన్నాడు మా ఆయన తల ఎత్తకుండా.

నూనెను తుడవడానికి ఒక పగలంతా పట్టింది. తర్వాత తొడుగులు పటకారుతో ఒక్కొక్కటే బిగించాను. బండి ప్రొద్దుటూరు దాటింది. ఇంకా రెండు మూడు అతుకుల దగ్గర తడబడుతోంది. పులివెందుల మలుపు దాకా ఒక్కసారి కూడా చేరలేదు. డబ్బాతో పాటు వచ్చిన రెండు పచ్చ తీగలు దేనికో అర్థంకాక వాటిని చుట్టి పక్కన పెట్టాను.

ఆ సంగతి చదువుదామని పులివెందులకు పోయాను. నా పాత గ్రంథాలయంలో ఆటరైళ్ల మీద బొమ్మల పుస్తకం ఒకటున్నట్టు గుర్తు. బస్సు కలమల్ల దాటేటప్పుడు కరెంటు కేంద్రం పొగగొట్టాలు కనిపించాయి. అన్నిటికన్నా పాత తెలుగు శాసనం దొరికిన ఊరది. అక్షరమూ కరెంటూ ఒకే ఊళ్లో పుట్టాయని నాలో నేను నవ్వుకున్నాను.

పుస్తకం ఉంది. ఇంగ్లీషులో ఉంది. నేను నిఘంటువు పక్కన పెట్టుకొని, అర్థమైన బొమ్మా అర్థంకాని బొమ్మా అన్నీ నోటుబుక్కులోకి దించుకున్నాను. గ్రంథాలయాధికారికి ఇప్పుడు తల పండింది కానీ గొంతు అదే.

"ఏం పాపా, ఈ తూరి రైళ్ల మీద పడినావా?"

చెప్పడం మొదలుపెట్టాను. ఆపలేకపోయాను. ఆయన అంతా విని, "గ్రంథాలయ వారోత్సవాలు వస్తాండాయి గదా. గురువారం బడి పిల్లోళ్లను పిలుస్తాండా. ఈడి పిల్లోళ్లకు రైలంటే సెల్లులో చూసిందే. నువ్వు తెచ్చి నడిపి, అదెట్ల నడుస్తాదో చెప్తావా?" అన్నాడు.

"నేనా సార్?"

"మళ్లా ఎవరు? ఈ పుస్తకం తీసినోళ్లు ఇంకెవరూ లేరే. కానీ పాపా, బడికి మాట చెప్పినంక అది నిలబడిపోతే నా పరువుబోతాది. ఆలోచించుకొని చెప్పు."

ఆలోచించలేదు. "నడుపుతా సార్" అన్నాను. ఏం ఒప్పుకున్నానో బయటికి వచ్చాక తెలిసింది. ఏ హాల్లో ఒక మూల నోరు తెరవకుండా చదువుకున్నానో, అదే హాల్లో నిలబడి పిల్లలకు చెప్పాలి. బండి నడిస్తే నేను చదివింది చదువే. నడవకపోతే ఇన్నేళ్లూ ఊరికే పేజీలు తిప్పానని నాకే తేలిపోతుంది. గురువారానికి అయిదు రోజులే ఉన్నాయి.

ఇంటికి వచ్చేసరికి మా ఆయన కొత్త అల్లుడిలా నవ్వుతున్నాడు.

"చూడు పో నీ రైలు."

చూశాను. అన్ని అతుకులకూ టంకం వేసేశాడు! అడ్డపట్టీల ప్లాస్టిక్కు కరగకుండా తడిగుడ్డలు చుట్టి, తక్కువ వేడికి కరిగే టంకంతో అతికి, ఆకురాయితో నునుపు చేశాడు. వేలు పెట్టి రాస్తే ఎక్కడ అతికాడో తెలియదు. పలకకూ పలకకూ మధ్య మాత్రం మోసుకుపోవడానికి వీలుగా తొడుగులు వదిలాడు.  ప్లగ్గు పెట్టాను.

ఎర్ర దీపం టక్కుమని ఆరిపోయింది.

తీసి మళ్లీ పెట్టాను. టక్. ఆ డబ్బాకు ఒక గుణముంది. పోయే కరెంటు మోటారు గుండా పోకుండా నేరుగా వెనక్కి వచ్చేస్తే, కాలిపోకుండా తనను తాను ఆపుకుంటుంది. అంటే రెండు కడ్డీలూ ఎక్కడో ఒకదానికొకటి తగులుతున్నాయి.

"నేను పోయేటప్పుడు ఎలిగింది, నువ్వు అతికినంక ఆరిపోయింది," అన్నాను.

"ఏం మే, ప్రొద్దుటూరులో నా అతుకుకు వంక పెట్టినోడు పుట్టలేదు. నీ డబ్బాకే జబ్బు."

గొడవ పడకుండా వెతకడం మొదలుపెట్టాను. రెండు పలకలనూ విడదీశాను. జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ఉన్న పలక ఒక్కటే పెడితే దీపం వెలిగింది. ఇంజను తడబాటే లేకుండా జారుకుంటూ పోయింది. ఆయన అతుకులు నిజంగానే అంత బాగున్నాయి! పులివెందుల పలక కలపగానే టక్. తప్పు మలుపులో ఉంది. రెండు రోజులు ఆ మలుపును భూతద్దంతో వెతికాను. టంకం బొట్టు ఏదైనా జారిందా, తీగ వెంట్రుక ఏదైనా అడ్డం పడిందా అని. ఏమీ లేదు. జాకెట్ల వాళ్లు వచ్చి అడిగి తిట్టి పోయారు.

మంగళవారం నోటుబుక్కు తెరిచాను. అర్థంకాని బొమ్మల్లో ఒకటి మలుపుదే. దాని మీద వేలు పెట్టి, ఎడమ కడ్డీ వెంట మెల్లగా నడిపించాను. చీలిక దాటింది, గుండ్రంగా తిరిగింది, తిరిగి వచ్చింది, వచ్చి కలిసింది. దేనితో? కుడి కడ్డీతో!

మళ్లీ నడిపాను. మళ్లీ అంతే. దారి తనలోకి తాను తిరిగితే ఎడమ పోయి కుడిని తాకక తప్పదు. అంటే ఇందులో ఏదీ చెడిపోలేదు. మలుపు పుట్టుకే అంత! మరి మొన్నటి వరకూ దీపం ఎలా వెలిగింది? బొమ్మను ఇంకోసారి చూశాను. మలుపు మొదట్లో రెండు, చివర్లో రెండు, కడ్డీలకు అడ్డంగా చిన్న గీతలు. నేను దించేటప్పుడు అచ్చు మరకలనుకున్నాను. మరకలు కావవి. సందులు!

కుర్చీ కిందపడేలా లేచాను.

"ఏమయ్యా! నువ్వు టంకం వేసేటప్పుడు, మలుపు కాడ కడ్డీలు యాడన్నా తెగి ఉన్నాయా? అతుకు కాడ కాదు, నడిమధ్యలో?"

"ఆ, ఉన్నాయి. నాలుగు తావుల. తలెంట్రుక దూరేంత సందు. ఎవుడో పనిరానోడు రంపంతో కోసి ఇడ్సినాడు. శానా కష్టపడి పూడ్చినా. నువ్వు గుర్తుపట్టలేదని బాధగా ఉన్నింది."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. గొలుసులో సందు కనిపిస్తే పూడ్చకుండా ఉండలేని చేయి అది. ఆ ఇంజనీరు కావాలనే కోసిన సందులను, అడగకుండానే, అంత అందంగా మూసేశాడు.

"వాటిని మళ్లా కోయాల."

ఆయన ముఖం మాడిపోయింది. "నా పనిని నేనే కోసుకోవాల్నా?"

"సందు లేకుంటే పోయే కరెంటు వచ్చే కరెంటును తాకేస్తాదయ్యా."

"గొలుసులో సందు పెట్టినోణ్ని బజారులో నిలబెట్టి నవ్వుతారు. సందు పెట్టమని నీ పుస్తకం చెప్తాదా?"

"చెప్తాది."

"పుస్తకంలో తప్పుంటే?"

"ఉంటే నువ్వు మళ్లా అతుకు. నేను ఇంకెప్పుడూ పుస్తకం పేరు ఎత్తను."

ఆ పందెం ఆయనకు నచ్చింది. భూతద్దం కంటికి తగిలించుకొని బల్ల మీదికి వంగాడు. తాను పూడ్చిన చోటు తనకే వెంటనే దొరకలేదు. "చూస్తివా! చేసినోడికే కనపడదు," అని మురిసిపోయాడు. దొరికాక, నగలు కోసే సన్న రంపంతో నాలుగు చోట్లా కోశాడు, ప్రతి కోతకూ నావైపు ఒకసారి గుర్రుగా చూస్తూ.

ప్లగ్గు పెట్టాను. దీపం వెలిగింది. ఆరలేదు!

సందులు కోశాక మలుపు విడి ద్వీపమైపోయింది. దానికి కరెంటు వేరే రావాలి. ఆ రెండు పచ్చ తీగలు అందుకే! వాటిని బిగించాను. బొమ్మ ప్రకారం, బండి మలుపులో తిరుగుతుండగానే డబ్బా మీద మీట పక్కనున్న చిన్న కమ్మీని అటునుంచి ఇటు తోయాలి. అప్పుడు పెద్దదారిలో ఎడమ కుడీ తారుమారై, తిరిగి వచ్చే బండికి సరిపోతాయి. తోశాను. బండి మలుపు దాటి ప్రొద్దుటూరు వైపు వచ్చింది. నేను గదిలో చప్పట్లు కొడుతూ గెంతాను. మా ఆయన భూతద్దం కంటి నుంచి తీశాడు. ఇంకోసారి నడపమన్నాడు, అంతే.

గురువారం మా ఆయనా నేనూ రెండు పలకలూ, ఆయన పనిముట్ల పెట్టే బస్సు మీదికెక్కించాం. కండక్టరు ఆపాడు.

"ఏందమ్మా అది?"

"రైలప్పా."

"రైలుకు బస్సులో టికెట్ కొట్టే గతి పట్టిందా మాకు!" అన్నాడు. బస్సంతా నవ్వింది. దారిలో ఎవరో పలకల మీద శనక్కాయల మూట వేశారు. నేను దిగేటప్పుడు చూసి తీయించాను.

హాలు నిండిపోయింది. పిల్లలు బల్ల చుట్టూ మూడు వరుసలు. గ్రంథాలయాధికారి నన్ను పరిచయం చేస్తూ, "ఈమె ఈడనే చదువుకునింది" అన్నాడు. బడి పేరు చెప్పలేదు. కరెంటు పోయే దారి, వచ్చే దారి చెప్పాను. మొదట నోటుబుక్కు చూసి చెప్పాను, రెండో నిమిషానికి దాన్ని మూసేశాను. మీట తిప్పాను. బండి జమ్మలమడుగు వదిలింది, ప్రొద్దుటూరు దాటింది. "పులివెందుల! పులివెందుల!" అని పిల్లలు అరుస్తున్నారు. మలుపులోకి చేరింది. కమ్మీ తోశాను.

టక్. దీపం ఆరింది. బండి మలుపులో నిలబడిపోయింది.

 గ్రంథాలయాధికారి నా ముఖం చూడకుండా గోడ గడియారం చూశాడు.  కానీ ఈసారి నాకు తెలుసు! కమ్మీ తోయకముందు బాగుండి, తోశాక ఆగిందంటే ఒక సందు మూసుకుపోయింది. శనక్కాయల మూట!

"సందులు చూడు," అన్నాను మా ఆయనతో.

ఆయన భూతద్దంతో వంగాడు. "రెండోది. కడ్డీ జరిగి ముట్టుకుంటాంది." గోటితో వెనక్కి నెట్టాడు. చేయి తీయగానే మళ్లీ జరిగింది. "ఇది నిలవదు మే. నడుమ ఏదన్నా పెట్టాల."

"కరెంటు దాటనిది కావాల. గట్టిగా పట్టాల."

"బోలు నగల్లో పోసే లక్క ఉంది నా పెట్టెలో. దాంట్లో దాటుతాదా?"

లక్క! వెనకటి రోజుల్లో కరెంటు తీగలకూ మోటార్లలో తీగచుట్టలకూ లక్క పూసేవారని చదివిన పేజీ కళ్ల ముందు నిలిచింది. "దాటదు! పెట్టు!"

ఆయన అగ్గిపెట్టె తీశాడు. "యో యో! ఈడ నిప్పు వద్దు, పుస్తకాలు!" అని గ్రంథాలయాధికారి చేతులు అడ్డం పెట్టాడు. మా ఆయన వరండాలోకి పరుగెత్తి, లక్కపుల్ల కరిగించి, చేయి అడ్డుపెట్టుకొని లోపలికి పరుగెత్తాడు. పిల్లలు దారిచ్చారు. సందులో లక్క ఒత్తాడు, చల్లారనిచ్చి గీకాడు. వేలితో రాసి చూసుకున్నాడు. సందు ఉంది, పూడింది కూడా. ఆయన ముఖంలో ఆ తృప్తి నేను నాలుగు రోజులుగా చూడలేదు.

దీపం వెలిగింది. బండి కదిలింది. మలుపు చుట్టి, పులివెందుల వదిలి, ప్రొద్దుటూరు వైపు ముఖం పెట్టి వచ్చేసింది. ఆ అరుపుకు గ్రంథాలయం కిటికీలు అదిరాయి. నిశ్శబ్దం పాటించండి అని రాసి ఉన్న బోర్డు కిందే గ్రంథాలయాధికారి ఈల వేశాడు!

తర్వాత ప్రశ్నలు. దీపం ఎందుకు ఆరింది, లక్క ఎందుకు, మలుపులో ఎడమ కుడి ఎలా అవుతుంది. ప్రతిదానికీ జవాబు చెప్పాను. ఒక పిల్లను పిలిచి కడ్డీ వెంట వేలు నడపమన్నాను. వేలు కుడివైపు తేలగానే ఆ పిల్ల "అమ్మా!" అని నోరు తెరిచింది. మంగళవారం నేనూ అలాగే తెరిచాను.

చివరికి రెండు జడల పిల్ల ఒకతి చేయి ఎత్తింది.

"మేడమ్, మన ఊరికి నిజం రైలు ఎప్పుడొస్తాది?"

పెద్దవాళ్లంతా నవ్వారు. పిల్లలు నవ్వలేదు, నావైపు చూశారు. నేను చదివినవన్నీ ఒకసారి మనసులో తిరగేశాను.

"తెలీదు," అన్నాను. ఆ హాల్లో నిలబడి ఆ మాట అనడానికి నాకు సిగ్గనిపించలేదు.

"అయితే దీన్నే ఇంకోసారి తోలు మేడమ్," అంది ఆ పిల్ల.

మీట తిప్పాను.